ఒకే మాంగనీస్ డయాక్సైడ్, అయిదు సీసాలు: నానో పదార్థానికి మితి తేల్చే పని

విజయనగరంలోని ఒక పీజీ కళాశాల రసాయన శాస్త్ర ల్యాబ్‌లో, నీటి నుంచి మిథిలీన్ బ్లూ రంగును తొలగించే ప్రయోగం కోసం అయిదు మాంగనీస్ డయాక్సైడ్ నమూనాలు తయారయ్యాయి. రసాయనం ఒక్కటే కాబట్టి పనితీరులో వచ్చే తేడాకు ఆకారమే కారణమని చూపించాలన్నది ఉద్దేశం. అయితే అయిదు సీసాల మీదా దాదాపు ఒకే లేబుల్ ఉంది: ‘మాంగనీస్ డయాక్సైడ్ నానో పార్టికల్స్’, పక్కన 20, 30 మధ్య ఏదో ఒక నానోమీటర్ల అంకె. ఆ అంకెలన్నీ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాల వివర్తనం) శిఖరాల వెడల్పు నుంచి, స్ఫటికం పరిమాణం చెప్పే షెరర్ సూత్రంతో లెక్క కట్టినవి. ఈ లేబుళ్లతో పోలిక మొదలుపెడితే ‘వన్ డీ (కడ్డీలాంటిది) మేలా, టూ డీ (పలకలాంటిది) మేలా’ అనే ప్రశ్నకే అర్థం ఉండదు. అందుకని రంగు ప్రయోగాన్ని పక్కన పెట్టి, ముందు ప్రతి సీసాకు మితి (డైమెన్షన్) తేల్చాల్సి వచ్చింది. ఆ పని జరిగిన తీరే ఈ కేసు.

మాంగనీస్‌ను ఎంచుకోవడానికి స్థానిక కారణం కూడా ఉంది. దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైందే విజయనగరం సంస్థానంలో, 1890ల తొలినాళ్లలో. కోడూరు గని పేరు మీదే ‘కోడురైట్’ అనే రాతికి పేరు వచ్చింది. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల ఖనిజం ఈ ప్రాంత విద్యార్థులకు చేతికి అందే వస్తువు. అయిదు సీసాల్లో ఒకటి ఆ ఖనిజాన్ని మర ఆడించి తీసిన పొడే.

లెక్క ఎటువైపు నుంచి?

ఏ పరికరం ముట్టుకోకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మితులను లెక్కపెట్టే పద్ధతులు రెండున్నాయి, రెండూ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి, రెండూ ఒకదానికొకటి తలకిందులు. మొదటి పద్ధతిలో నానో హద్దు దాటి బయటకు సాగిన దిశలను లెక్కపెడతారు. మూడు దిశల్లోనూ నానోలోనే ఉంటే జీరో డీ. ఒక దిశలో సాగితే వన్ డీ: కడ్డీలు, తీగలు, గొట్టాలు. రెండు దిశల్లో సాగితే టూ డీ: పలకలు, పొరలు. మూడు దిశల్లోనూ పెద్దదై లోపలి నిర్మాణం మాత్రం నానోలో ఉంటే త్రీ డీ. రెండో పద్ధతిలో నానోలో ఉన్న దిశలను లెక్కపెడతారు. అప్పుడు పలుచని పొర ‘ఏక మితి నానో పదార్థం’ అవుతుంది, గుండ్రని కణం ‘త్రిమితి’ అవుతుంది.

సెమిస్టర్ పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. ఒక పుస్తకం చదివిన విద్యార్థి గ్రాఫీన్‌ను టూ డీ అని రాస్తాడు, ఇంకో పుస్తకం చదివిన విద్యార్థి వన్ డీ అని రాస్తాడు. ఇద్దరికీ పదార్థం గురించి తెలుసు, లెక్క మొదలుపెట్టిన చోటే వేరు. పరిశోధన పత్రాల్లో దాదాపు అంతటా మొదటి పద్ధతే నడుస్తోంది, ఈ కేసులోనూ అదే. ఏ పద్ధతో ఒక్క వాక్యంలో ముందే రాసి పెట్టకపోతే మిగతా శ్రమంతా వృథా.

హద్దుల విషయానికొస్తే, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) నిర్వచనంలో నానో స్థాయి అంటే సుమారు 1 నుంచి 100 నానోమీటర్లు. ఒక దిశ మరో దిశ కంటే ‘గణనీయంగా పెద్దది’ అనడానికి సాధారణంగా మూడు రెట్లకు పైబడిన తేడా చూస్తారు. ఈ మూడు రెట్ల నియమం చాలామంది దృష్టికి రాదు. 25 నానోమీటర్ల మందం, 90 నానోమీటర్ల పొడవు ఉన్న ముక్క మూడు దిశల్లోనూ 100 లోపే ఉంది, అయినా నిష్పత్తి 3.6 కాబట్టి అది కడ్డీ. పొడవు తప్పనిసరిగా 100 దాటాలన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. అదే మందంతో 60 నానోమీటర్ల పొడవే ఉంటే నిష్పత్తి 2.4, అది కణం. వర్గాన్ని నిర్ణయించేది ముందు ఆకారం, ఆ తర్వాతే అంకె.

ఇంకో గందరగోళం క్వాంటమ్ డాట్ అనే మాటతో వస్తుంది. ఆకారం ప్రకారం జీరో డీ అయిన ప్రతిదీ క్వాంటమ్ డాట్ కాదు. ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంట విస్తరించే దూరంతో పోల్చదగినంత చిన్నదైతేనే శక్తి స్థాయిలు విడివడి రంగు మారుతుంది. కాడ్మియం సెలినైడ్‌లో ఆ దూరం, అంటే ఎక్సైటాన్ బోర్ వ్యాసార్థం, 5 నుంచి 6 నానోమీటర్లు. జింక్ ఆక్సైడ్‌లో 2 నానోమీటర్ల దరిదాపు. 30 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ గుండు ఆకారంలో జీరో డీ, ప్రవర్తనలో మామూలు జింక్ ఆక్సైడే.

సీసాల్లో ఏముంది

ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని పేర్లు పెట్టుకుందాం. తయారీ వివరాలు ఇవ్వడం అవసరం, ఎందుకంటే తేడాలు అక్కడే పుట్టాయి.

‘ఆ’ కొలాయిడ్. 0.1 మోలార్ పొటాషియం పర్మాంగనేట్ 10 మి.లీ. (100 మి.లీ.కి 1.58 గ్రాముల లెక్కన), 0.0188 మోలార్ సోడియం థయోసల్ఫేట్ 20 మి.లీ. (100 మి.లీ.కి అయిదు నీటి అణువులున్న స్ఫటికం 0.467 గ్రాములు). థయోసల్ఫేట్‌ను కలుపుతూ చుక్కచుక్కగా వేసి, చివరకు మొత్తాన్ని 2 లీటర్లకు పెంచాలి. పర్మాంగనేట్, థయోసల్ఫేట్ మోల్ నిష్పత్తి 8కి 3. ఊదా రంగు పూర్తిగా పోయి, పసుపు ఛాయ ఉన్న గోధుమ రంగులో తేటగా కనిపించే ద్రవం మిగులుతుంది. ఇక్కడ నీరే కీలకం. ఈ కణాల మీద ఋణావేశం ఉంటుంది, దాని బలంతోనే అవి విడివిడిగా నిలబడతాయి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ ఆవేశాన్ని అణచివేస్తే కణాలు గుంపు కట్టి అడుగుకు దిగుతాయి. రెండుసార్లు స్వేదనం చేసిన నీరు తప్ప మరేదీ పనికిరాదు, గాజు సామాను చివరి కడుగుడుకు కూడా.

‘ఇ’, ‘ఈ’ రెండూ ఒకే ఓవెన్‌లోంచి వచ్చాయి. 100 మి.లీ. టెఫ్లాన్ లోపలి పాత్ర ఉన్న స్టీల్ ఆటోక్లేవ్ (బిగించి మూసే పీడన పాత్ర), అందులో 80 మి.లీ. ద్రావణం (అంతకు మించి నింపితే పీడనం ప్రమాదకరం), 160 డిగ్రీల సెల్సియస్, 12 గంటలు. ‘ఇ’కి మాంగనీస్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 0.525 గ్రాములు, పర్మాంగనేట్ 1.25 గ్రాములు. ‘ఈ’కి సల్ఫేట్ 0.275 గ్రాములు, పర్మాంగనేట్ 1.5 గ్రాములు. మోల్ నిష్పత్తి మొదటిదానిలో ఒకటికి రెండున్నర, రెండోదానిలో ఒకటికి ఆరు. ఈ చిన్న మార్పుకే స్ఫటిక నిర్మాణం మారిపోతుంది. రెండు పర్మాంగనేట్ అయాన్లు, మూడు మాంగనీస్ అయాన్లు కలిసి అయిదు మాంగనీస్ డయాక్సైడ్‌లు అయ్యేటప్పుడు నాలుగు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. సల్ఫేట్ ఎక్కువుంటే ఆమ్లం ఎక్కువ. ఆమ్లంలో పొరల నిర్మాణం కుప్పకూలి సొరంగాల నిర్మాణమైన ఆల్ఫా రూపంగా మారుతుంది, ఆ సొరంగాలు ఒకే దిశలో సాగుతాయి కాబట్టి కడ్డీలు వస్తాయి. సల్ఫేట్ తగ్గి పొటాషియం పెరిగితే, పొరల మధ్య పొటాషియం కూర్చుని డెల్టా రూపం నిలబడుతుంది. ఆ పలుచని రేకులు ఒక కేంద్రం నుంచి పెరిగి పువ్వులాంటి గుండ్లవుతాయి. ఓవెన్ ఆపాక పాత్రను నీళ్లలో ముంచి చల్లార్చకూడదు, గది ఉష్ణోగ్రతకు తనంతట తాను దిగాలి. తర్వాత 5,000 ఆర్‌పీఎమ్‌లో సెంట్రిఫ్యూజ్ చేస్తూ, పైనీటిలో ఊదా ఛాయ పోయి పీహెచ్ తటస్థానికి వచ్చే దాకా కడగాలి. 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి.

‘ఉ’ విడదీసిన పొరలు. 0.3 మోలార్ మాంగనీస్ క్లోరైడ్ 10 మి.లీ. (నాలుగు నీటి అణువులున్న స్ఫటికం 0.594 గ్రాములు) బాగా తిప్పుతూ, అందులోకి టెట్రామిథైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన 20 మి.లీ. ద్రావణాన్ని 15 సెకన్లలోపు ఒక్కసారిగా పోయాలి. ఆ 20 మి.లీ.లో 25 శాతం హైడ్రాక్సైడ్ సుమారు 4.3 మి.లీ., 30 శాతం పెరాక్సైడ్ 2 మి.లీ., మిగతాది నీరు. నురగ పొంగుతుంది కాబట్టి కనీసం 100 మి.లీ. బీకరు కావాలి. రాత్రంతా మూత లేకుండా తిప్పితే ముదురు గోధుమ రంగు ద్రవం వస్తుంది. 2,000 ఆర్‌పీఎమ్‌లో 10 నిమిషాలు తిప్పి అడుగున దిగినదాన్ని పారేయాలి. ఆ హైడ్రాక్సైడ్ గురించి గట్టిగా చెప్పాలి: గాఢ ద్రావణం చర్మం మీద పడితే ప్రాణాపాయం. కాలిన గాయం ఒక్కటే కాదు, అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకి శ్వాస కండరాలను పడగొట్టగలదు. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, ఫ్యూమ్ హుడ్ లేకుండా విద్యార్థి చేతికి ఆ సీసా ఇవ్వకూడదు.

‘ఊ’ మర ఆడించిన ఖనిజం. ప్లానెటరీ బాల్ మిల్, బంతులకూ పొడికీ బరువు నిష్పత్తి 10కి 1, 300 ఆర్‌పీఎమ్, మొత్తం 10 గంటలు, అరగంట తిప్పి పావుగంట ఆపుతూ. స్టీల్ బంతులు వాడితే ఇనుము అరిగి పొడిలో కలుస్తుంది, జిర్కోనియా బంతులు మేలు. ఈ ప్రాంతపు ఖనిజంలో ఎపటైట్ కారణంగా ఫాస్ఫరస్ ఎక్కువ. గార్నెట్, క్వార్ట్జ్ కూడా తోడుంటాయి. ఎక్స్‌ఆర్‌డీలో వాటి శిఖరాలను ముందుగా గుర్తించకుండా మాంగనీస్ డయాక్సైడ్ శిఖరాల మీద చేయి వేయకూడదు.

షెరర్ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

షెరర్ సూత్రం ఇచ్చేది స్ఫటికాంశం (ఒకే స్ఫటికంగా ఉన్న భాగం) పరిమాణం, అదీ ఆ శిఖరాన్ని ఇచ్చే స్ఫటిక తలాలకు లంబంగా ఉన్న దిశలో. కణం అంటే ఒకటే స్ఫటికం కావచ్చు, వంద స్ఫటికాల ముద్ద కావచ్చు. లేబుళ్లలోని తప్పంతా ఈ ఒక్క విషయం దగ్గరే పుట్టింది.

‘ఇ’ సీసానే చూడండి. ఆల్ఫా రూపంలో రాగి ఎక్స్-కిరణాలతో 28.8 డిగ్రీల దగ్గర (310) అనే స్ఫటిక తలాల శిఖరం వస్తుంది. పరికరపు సొంత వెడల్పు తీసేశాక శిఖరం వెడల్పు 0.30 డిగ్రీలు అనుకుంటే, స్థిరాంకం 0.9తో లెక్క 27 నానోమీటర్లు. లేబుల్ మీద ఉన్నది దాదాపు ఇదే. కానీ ఈ శిఖరం కొలిచేది కడ్డీ అడ్డుకొలత. కడ్డీ పొడవు దిశలో ఉండే శిఖరం (002), అది 65.1 డిగ్రీల దగ్గర వస్తుంది. అక్కడ వెడల్పు 0.16 అయితే లెక్క 59 నానోమీటర్లకు వెళ్తుంది. రెండు దిశల్లో రెండు అంకెలు రావడమే ఆకారం గుండ్రంగా లేదనడానికి మొదటి ఆధారం. 59 అంటే కడ్డీ పొడవు 59 అని కాదు. స్ఫటికం 100 నానోమీటర్లు దాటే కొద్దీ శిఖరం వెడల్పు పరికరపు సొంత వెడల్పులో కలిసిపోతుంది, సూత్రం అక్కడితో ఆగిపోతుంది. పైగా చదునైన హోల్డర్‌లో పొడిని నొక్కినప్పుడు కడ్డీలు అడ్డంగా పడుకుంటాయి, (002) శిఖరం బలహీనపడి వెడల్పు కొలత నమ్మదగినట్టు ఉండదు. పొడిని నొక్కకుండా పక్క నుంచి నింపడం కొంత మేలు.

పరికరపు వెడల్పును సిలికాన్ లేదా లాంథనం హెక్సాబోరైడ్ ప్రమాణ నమూనాతో కొలిచి తీసేయాలి. ఇది చేయకుండా రాసిన షెరర్ అంకెలు ఎన్నో పత్రాల్లో కనిపిస్తాయి. అవి అసలు కంటే చిన్నవిగా వస్తాయి, నానో అనిపించుకోవడానికి అనుకూలంగా ఉంటాయి. అందుకే ఎవరూ పట్టించుకోరేమో అనిపిస్తుంది.

స్కాన్‌ను 5 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి. 20 నుంచి మొదలుపెట్టడం చాలా ల్యాబుల్లో అలవాటు, పొరల పదార్థాల విషయంలో అది ఘోరమైన అలవాటు. డెల్టా రూపం అసలు గుర్తు 12.3 డిగ్రీల దగ్గరి శిఖరం, అంటే 0.72 నానోమీటర్ల పొరల ఎడం. ‘ఉ’ ద్రవాన్ని ఆరబెట్టి చూస్తే పొరల మధ్య టెట్రామిథైల్ అమ్మోనియం ఇరుక్కుని ఎడం 0.95కి పెరుగుతుంది, శిఖరం 9.3 దగ్గరకు జరుగుతుంది. 20 నుంచి చూసినవారికి ఇదేదీ కనిపించదు.

ఆల్ఫా, డెల్టా కలగలిసినప్పుడు ఇంకో చిక్కు. డెల్టా 12.3, ఆల్ఫా 12.8 పక్కపక్కనే, శిఖరాలు వెడల్పుగా ఉంటే ఒకటిగా కలిసిపోతాయి. 25 దగ్గర కూడా అంతే: డెల్టా రెండో శిఖరం, ఆల్ఫా బలహీన శిఖరం దగ్గరదగ్గరే. తేల్చేది 18.1, 28.8 డిగ్రీలు. ఇవి ఆల్ఫాలో ఉంటాయి, డెల్టాలో ఉండవు. ‘ఇ’ నమూనాలో ఒక బ్యాచ్ ఇలాగే పట్టుబడింది: ఓవెన్ నడుస్తుండగా కరెంటు పోయి, మళ్లీ వచ్చాక టైమర్ మొదటి లెక్కనే కొనసాగించి, ఓవెన్ 12 గంటల వేడి పూర్తికాకముందే ఆగిపోయింది. పొరలు సొరంగాలుగా మారే పని సగంలో నిలిచిపోయి, కడ్డీల మధ్య రేకులు మిగిలాయి. అలాంటి బ్యాచ్‌ను వన్ డీ అనీ అనకూడదు, టూ డీ అనీ అనకూడదు. మళ్లీ వేడి చేసి సరిచేయడం కంటే పక్కన పెట్టి కొత్తగా చేయడమే సరైనది. ఓవెన్‌కు యూపీఎస్ పెట్టలేకపోయినా, థర్మోకపుల్ లాగర్ ఒకటి ఉంటే అంతరాయం ఎంతసేపో కాగితం మీద ఉంటుంది.

‘ఊ’లో షెరర్ 25 నానోమీటర్లు ఇచ్చింది. మర ఆడించిన పొడిలో శిఖరం వెడల్పుకు రెండు కారణాలు: స్ఫటికాలు చిన్నబడటం, లాటిస్ (పరమాణువుల అమరిక) నలగడం వల్ల వచ్చే స్ట్రెయిన్ (వికృతి). విలియమ్సన్–హాల్ గీత గీసి రెండింటినీ విడదీయకపోతే స్ట్రెయిన్ వాటా కూడా చిన్న పరిమాణంగా లెక్కలోకి వస్తుంది.

ఉపరితల వైశాల్యం, కాంతి పరిక్షేపణ

బీఈటీ (వాయువు అంటుకునే మేరను బట్టి ఉపరితల వైశాల్యం కొలిచే పద్ధతి) అంకెను పరిమాణంగా మార్చేటప్పుడు ఆకారాన్ని ముందే ఊహించుకుంటాం. గుండ్రని కణానికి వ్యాసం అంటే 6ను సాంద్రత, వైశాల్యాల లబ్ధంతో భాగించాలి. పొడవైన కడ్డీ వ్యాసానికి 6 బదులు 4, పెద్ద పలక మందానికి 2. సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.3 గ్రాములు, వైశాల్యం గ్రాముకు 50 చదరపు మీటర్లు అనుకుందాం. గుండు అయితే 28 నానోమీటర్ల వ్యాసం, కడ్డీ అయితే 18.6, పలక అయితే 9.3 మందం. అదే పొడి, అదే కొలత, మూడు జవాబులు. పరికరంతో వచ్చే సాఫ్ట్‌వేర్ అడగకుండానే గుండు సూత్రంతో ‘సగటు కణ పరిమాణం’ అని ముద్రించి ఇస్తుంది. దాన్ని నేరుగా పత్రంలో ఎక్కించడం ఆపాలి.

అయినా బీఈటీకి ఒక గొప్ప ఉపయోగం ఉంది. షెరర్ అంకెతో పక్కపక్కన పెడితే ముద్దను పట్టిస్తుంది. ‘ఊ’ వైశాల్యం గ్రాముకు 8 చదరపు మీటర్లు, సాంద్రత 4.5గా తీసుకుంటే గుండు లెక్కన 167 నానోమీటర్లు. స్ఫటికాంశం 25, బయటి కొలత 167 అంటే ప్రతి కణంలోనూ ఎన్నో స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: ముక్కలు ఎక్కువగా 0.3 నుంచి 3 మైక్రాన్ల మధ్య, పగిలిన రాయిలా సక్రమంగా లేని అంచులతో. ‘ఊ’ జీరో డీ కాదు. లోపలి రేణువులు నానో, బయటి కొలతలు ఏ దిశలోనూ నానో కాని పదార్థం, అంటే త్రీ డీ నానో నిర్మాణం.

డీగ్యాసింగ్ (బీఈటీ కొలతకు ముందు పొడిలోని తేమ, వాయువులను తీసేయడం) ఉష్ణోగ్రత విషయంలో జాగ్రత్త కావాలి. డెల్టా రూపంలో పొరల మధ్య నీరుంటుంది. 100 డిగ్రీలు దాటితే అది పోవడం మొదలై ఎడం కుంచించుకుపోతుంది. ఆల్ఫాను 120 దగ్గర ఆరు గంటలు వాక్యూమ్‌లో ఉంచవచ్చు, ‘ఈ’ పువ్వులను 80కి మించకుండా ఎక్కువ గంటలు ఉంచడం మంచిది. వర్షాకాలంలో కోస్తా గాలిలోని తేమకు పొడి గంటల్లోనే నీరు పీలుస్తుంది, అందుకని తూకం డీగ్యాస్ అయ్యాకే వేయాలి. ముందు వేసిన తూకంతో వైశాల్యం తక్కువగా వస్తుంది.

డీఎల్ఎస్ (కాంతి పరిక్షేపణతో పరిమాణం కొలిచే పద్ధతి) ఈ అయిదు సీసాల్లో ఒక్క ‘ఆ’కే పనికొచ్చింది. కాంతి పరిక్షేపణ కొలిచేది కణం నీటిలో ఎంత చురుగ్గా కదులుతోందన్నది, దాన్ని అదే వేగంతో కదిలే గుండు వ్యాసంగా చూపిస్తుంది. 30 నానోమీటర్ల మందం, 1,000 నానోమీటర్ల పొడవు ఉన్న కడ్డీకి కదలిక సూత్రంతో లెక్క వేస్తే సమాన గుండు వ్యాసం సుమారు 260 నానోమీటర్లు. కడ్డీలో ఆ కొలత ఎక్కడా లేదు. ఆ 260 చూసి ‘వంద దాటింది, నానో కాదు’ అని కొట్టేయడం ఎంత తప్పో, షెరర్ 27 చూసి ‘నానో కణం’ అనడం అంతే తప్పు. ఒకే కడ్డీ గురించి రెండు పరికరాలు ఇలా ఎదురెదురు మాటలు చెప్పినప్పుడు తీర్పు చిత్రాలదే.

చిత్రాలు తీయడం, లెక్కపెట్టడం

సెమ్, టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) సౌకర్యం పట్టణంలో అందుబాటులో లేనప్పుడు నమూనాలు విశాఖకో ఇంకా దూరానికో వెళ్తాయి. అక్కడి ఆపరేటర్‌కు మీ ప్రశ్న ఏమిటో తెలియదు. ‘బాగా కనిపించే చోట తీయండి’ అంటే అందమైన నాలుగు చిత్రాలు వస్తాయి, వాటితో వర్గీకరణ చేయకూడదు. గ్రిడ్ (నమూనా పరిచే సన్నని జాలీ) మీద ముందే నిర్ణయించిన చోట్ల, వరుస తప్పకుండా, చూడ్డానికి బాగున్నా లేకపోయినా తీయించాలి. ప్రతి నమూనాకూ రెండు మాగ్నిఫికేషన్లు కావాలి: మందం కొలవడానికి ఎక్కువది, కడ్డీ రెండు కొసలూ ఫ్రేములో పడేందుకు తక్కువది. అంచు దగ్గర తెగిన కడ్డీల పొడవును లెక్కలో చేర్చకూడదు, చేరిస్తే నిష్పత్తి తగ్గిపోతుంది.

నమూనా తయారీలోనే ఆకారం చెడిపోతుంది. కడ్డీలను ప్రోబ్ సోనికేటర్‌తో విడదీస్తే విరుగుతాయి. బాత్ సోనికేటర్‌లో 10, 15 నిమిషాలు చాలు. ఇథనాల్‌లో కలిపితే వెంటనే గ్రిడ్ మీద వేయాలి, మాంగనీస్ డయాక్సైడ్ ఆక్సీకరణి కాబట్టి ఆల్కహాల్‌లో చాలాసేపు నిల్వ ఉంచడం మంచిది కాదు. టెమ్‌కు 300 మెష్ రాగి గ్రిడ్, లేసీ కార్బన్ ఉన్నది. ఎలక్ట్రాన్ పుంజం కింద ఎక్కువసేపు ఉంచితే మాంగనీస్ డయాక్సైడ్ క్షయకరణం చెంది తక్కువ ఆక్సిజన్ ఉన్న ఆక్సైడ్‌లుగా మారుతుంది, పలుచని పొరలే ముందు దెబ్బతింటాయి. సెమ్‌లో బంగారు పూత 5 నుంచి 10 నానోమీటర్లు ఉంటుంది, పూత రెండు వైపులా పడితే 15 నానోమీటర్ల రేకు 30 అనిపిస్తుంది. మందం మీద మాట్లాడాలంటే పూత ఎంతో నివేదికలో ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది చిత్రం చదునుగా ఉండటమే. అప్పడాన్ని అంచు నుంచి చూస్తే పుల్లలా కనిపించినట్టు, నిలువుగా నిలబడ్డ రేకు టెమ్ చిత్రంలో అచ్చం కడ్డీలా ఉంటుంది. ‘ఈ’ పువ్వుల అంచుల్లో అలాంటి సన్నని నల్ల గీతలు కనిపించి, ‘రేకులతో పాటు నానో తీగలు కూడా ఉన్నాయి’ అనే వ్యాఖ్య మొదటి చిత్తుప్రతిలోకి చేరింది. తేల్చుకునే దారి గ్రిడ్‌ను వంచడం: 0, ప్లస్ 30, మైనస్ 30 డిగ్రీల దగ్గర ఒకే చోటు చిత్రాలు. కడ్డీ అయితే వెడల్పు దాదాపు మారదు, రేకు అయితే వెడల్పు విప్పారుతుంది. ‘ఈ’లో గీతలన్నీ విప్పారాయి, తీగలు లేవు.

లెక్కకు ఇమేజ్‌జే అనే చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. స్కేల్ బార్‌తో క్రమాంకనం చేసి, ఒక్కో నమూనాకు కనీసం 300 వస్తువుల కనిష్ఠ, గరిష్ఠ ఫెరెట్ వ్యాసాలు (వస్తువును ఇరువైపులా తాకే సమాంతర రేఖల మధ్య దూరాలు) తీయాలి. ముద్దలో ఉన్నా విడిగా గుర్తుపట్టగలిగే కణాన్ని ఒక వస్తువుగానే లెక్కించాలి. యూరోపియన్ కమిషన్ 2011లో ఇచ్చి 2022లో సవరించిన నిర్వచనం సంఖ్యను బట్టి నడుస్తుంది: కణాల్లో 50 శాతానికి తగ్గకుండా ఏదో ఒక బయటి కొలత 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండాలి. సంఖ్యను బట్టి అంటే బరువును బట్టి కాదు. 1 మైక్రాన్ గుండు ఒక్కటే 50 నానోమీటర్ల గుండ్లు 8,000 కలిపినంత బరువు తూగుతుంది. బరువు లెక్కలో నానో భాగం లేనట్టే కనిపించే పొడి, సంఖ్య లెక్కలో పూర్తిగా నానో కావచ్చు.

‘ఉ’ విషయంలో టెమ్ చాలదు, మందానికి ఏఎఫ్ఎమ్ (సూది మొనతో ఉపరితలం ఎత్తు కొలిచే సూక్ష్మదర్శిని) కావాలి. సిలికాన్ ముక్క, పొర రెండూ ఋణావేశంతో ఉంటాయి కాబట్టి నేరుగా వేస్తే పొరలు నిలవవు, కడుగుడులో కొట్టుకుపోతాయి లేదా ఆరేటప్పుడు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. శుభ్రం చేసిన సిలికాన్‌ను పలచని పాలీఇథిలీన్ఇమైన్ (ధనావేశమున్న పాలిమర్) ద్రావణంలో 10 నుంచి 20 నిమిషాలు ముంచి, కడిగి, ఆపైన బాగా పలచబరిచిన పొరల ద్రవంలో ముంచి మళ్లీ కడగాలి. ఒంటి పొర ఎత్తు సుమారు 0.8 నానోమీటర్లు వస్తుంది. స్ఫటిక నిర్మాణం ప్రకారం ఆ పొర మందం 0.52 మాత్రమే, ఉపరితలం మీద అంటుకున్న నీరు, అయాన్లు మిగతా తేడాకు కారణం. ఎత్తు నమ్మదగినదే, అడ్డుకొలత మాత్రం సూది మొన వెడల్పు కలిసి పెద్దదిగా వస్తుంది, దాన్ని టెమ్ నుంచి తీసుకోవాలి. 0.52 అయినా 0.8 అయినా 1 నానోమీటర్ కంటే తక్కువే కదా, మరి నిర్వచనం ప్రకారం నానో ఎలా అవుతుందన్న సందేహం న్యాయమైనది. 2022 నిర్వచనం ఈ సంగతి విడిగా చెప్పింది: ఒక కొలత 1 కంటే తక్కువై మిగతావి 100 దాటిన పలకలను కూడా చేర్చుకుంటుంది.

తీర్పులు

‘ఆ’ జీరో డీ. నిష్పత్తి దాదాపు అన్ని కణాలకూ 3 లోపే, టెమ్‌లోనూ డీఎల్ఎస్‌లోనూ కొలతలు పొంతన కుదిరాయి. క్వాంటమ్ డాట్ అని మాత్రం రాయకూడదు.

‘ఇ’ వన్ డీ, కానీ పూర్తి ఆల్ఫా బ్యాచ్ మాత్రమే. కడ్డీలు కట్టలుగా అతుక్కుని ఉన్నా విడి కడ్డీ మందం గుర్తుపట్టగలిగింది, ఆ మందమే లెక్కకు తీసుకున్నారు.

‘ఉ’ ద్రవంగా ఉన్నంతసేపే టూ డీ. ఈ మాట రంగు ప్రయోగానికి చాలా ముఖ్యం. ఆరబెట్టిన ‘ఉ’ పొడి వేరే పదార్థం: పొరలు మళ్లీ పేర్చుకుని, 9.3 డిగ్రీల శిఖరంతో, మైక్రాన్ల పరిమాణపు గడ్డలవుతాయి. దాన్ని తూకం వేసి రంగు నీటిలో కలిపి ‘టూ డీ పొరల పనితీరు’ అని రాస్తే కొలిచింది ఒకటి, చెప్పింది ఒకటి అవుతుంది. అందుకే ‘ఉ’ను ద్రవంగానే వాడాలి, మాంగనీస్ మోతాదును అటామిక్ అబ్జార్ప్షన్‌తో కట్టి మిగతా నాలుగింటి బరువుకు సమానం చేయాలి. అందులో మిగిలిన టెట్రామిథైల్ అమ్మోనియం రంగు మీద ప్రభావం చూపకుండా, పొరలు లేని అదే ద్రవంతో బ్లాంక్ నడపాలి.

‘ఈ’ దగ్గర వాదన మిగిలింది, అది ఉండవలసిన వాదనే. పువ్వు బయటి వ్యాసం మైక్రాన్ దాటింది, కాబట్టి మొత్తంగా త్రీ డీ. రేకు మందం నానోలో ఉంది, కాబట్టి కట్టుబడి ముక్క టూ డీ. రేకులు మొదట్లోనే కలిసి పెరిగినవి, సోనికేషన్‌తో విడివడవు. విడివడనంత వరకు ఆ వస్తువు నీటిలో పువ్వుగానే ప్రవర్తిస్తుంది, రంగు అణువు చేరేది రేకుల మధ్య సందుల్లోకి. కాబట్టి వర్గం త్రీ డీ అని రాసి, పక్కనే ‘టూ డీ రేకులతో కట్టినది, రేకు మందం ఇంత’ అని చేర్చడం సరైనదని మా అభిప్రాయం. ‘ఊ’ కూడా త్రీ డీయే, కానీ ‘ఈ’తో ఒకే గాటన కట్టకూడదు: ఒకటి ఖాళీలున్న నిర్మాణం, ఇంకోటి గట్టి ముద్ద. వైశాల్యంలో తేడా అక్కడే వస్తుంది.

కొత్త లేబుల్ మీద ఏం ఉండాలో చివరకు ఇలా స్థిరపడింది. స్ఫటిక రూపం, వర్గం, ఏ లెక్క పద్ధతి ప్రకారం అన్నది, కనిష్ఠ కొలత మధ్యస్థం, నిష్పత్తి మధ్యస్థం, ఎన్ని వస్తువులు లెక్కించారో, ఏ పరికరం, నమూనా ద్రవమా పొడా, కొలిచిన తేదీ. షెరర్ అంకె ఉంటే ‘స్ఫటికాంశం’ అన్న మాటతో, శిఖరం సంఖ్యతో సహా. తేదీ ముఖ్యంగా ‘ఆ’, ‘ఉ’ల కోసం. కొలాయిడ్ నిల్వలో నెమ్మదిగా గుంపు కడుతుంది. వాడే ప్రతిసారీ ముందుగా 390 నానోమీటర్ల దగ్గరా, కొలాయిడ్ కాంతిని తక్కువ పీల్చే 700 దగ్గరా అబ్జార్బెన్స్ (కాంతిని పీల్చుకున్న మేర) చూస్తే చాలు: 700 దగ్గరి అంకె పెరిగిందంటే కణాలు పెద్దవై కాంతిని చెదరగొడుతున్నాయి, పాత వర్గం ఇక చెల్లదు, ఆ సీసా మళ్లీ టెమ్‌కు వెళ్లాలి.